గంటసేపు చార్జింగ్

"బ్యాటరీ గట్ల వంచకు పిల్లా, ఆసిడ్ కారి చీరకు బొక్కలు పడ్తయి!" అని వ్యానులోంచి ఆమె అరిచేసరికి ఉలిక్కిపడి దాన్ని నేల మీద పెట్టేశాను.

నారాయణఖేడ్‌లో పొద్దున్నుంచి కరెంటు లేక చార్జింగ్ షాపు మూసేశారు. మా ఊళ్లో టీవీ ఉన్నది మా ఇంట్లోనే, అదీ బ్యాటరీతో నడుస్తుంది. తెల్లారితే ఆదివారం, వాడంతా వచ్చి కూర్చుంటారు. ఈసారి చార్జింగ్ నేనే చేయించుకొస్తానని అన్నతో పంతం పట్టి ఇక్కడిదాకా తెచ్చాను. ఖాళీ బ్యాటరీతో ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

బస్టాండు పక్క మైదానంలో ఊరూరా తిరిగి కళ్లు చూసే దవాఖాన వ్యాను ఆగి ఉంది. ఆమె అందులో నర్సు. వండుకోవడం, పడుకోవడం అన్నీ అక్కడే. వ్యాను బ్యాటరీల కోసం చిన్న జనరేటర్ నడుపుతోంది. ఆ చప్పుడు వినే అటు వెళ్లాను.

"అక్కా, నాది గూడ పెట్టవా? మా ఊరికి పోయే కంగ్టి బస్సుకు ఇంకా గంట ఉంది."

"పెడ్త. కానీ తీగలు నువ్వే కలపాలె."

"అమ్మో! మా అన్న ముట్టనే ముట్టనియ్యడు."

"మీ అన్న ఈడ లేడు గద!"

ఆమె జనరేటర్ ఆపి, నాతో బ్యాటరీ మూతలు విప్పించింది. ఎర్ర తీగ ఎర్ర గుర్తుకు, నల్లది నల్ల గుర్తుకు కలిపించింది. "గ్యాస్ వస్తది. దగ్గర బీడీ ముట్టిస్తే పేల్తది, యాదుంచుకో" అంది. జనరేటర్ తాడు కూడా నాతోనే లాగించింది. మూడోసారికి అది డుగడుగమంటే నేను గంతేశాను. ఆమె పడీ పడీ నవ్వింది.

బస్సు హడావిడిలో ఆమె పేరైనా అడగలేదు.

తెల్లారి వాడంతా చాపల మీద కూర్చున్నాక అన్న నోట్లో బీడీతో బ్యాటరీ దగ్గరికొచ్చాడు.

"బీడీ బయట పారేసి రాపో అన్నా" అన్నాను.

వాడు తిరిగొచ్చేలోపు టీవీ తీగలు నేనే కలిపేశాను.