ఐదుకి బదులు ఎనిమిది

శనివారాలు లైబ్రరీలో కలిసే పెద్దలందరికీ,

నేను చదివింది ఏడో తరగతి వరకే. రాత వంకరగా ఉంటుంది, ఒత్తులు తప్పుతాయి, ఏమీ అనుకోకండి. మా ఇంటి అంకుల్ గారు మంగళవారం పొద్దున పోయారని మీకు తెలుసు. టీ తీసుకుని పైకి వెళ్లి చూసింది నేనే. కుర్చీలోనే ఉన్నారు. కళ్లజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

మేము ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకి ఉంటున్నాం. మా ఆయన ఒట్టావా పక్కన ఈ కనాటాకి రాకముందు టొరంటో వైపు స్కార్‌బరోలో స్టూడెంట్‌గా ఉండి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశారు. నేను ఆయన భార్యగా స్పౌజ్ పర్మిట్ మీద వచ్చాను. పొద్దున హోటల్లో దుప్పట్లు మడిచి, మధ్యాహ్నం బస్సులో ఇల్లు చేరేదాన్ని. అంకుల్ గారు రిటైరయ్యాక కూడా చిన్న కంపెనీలకి సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేసేవారు. చూపు మధ్యలో మసక వచ్చాక తెర మీద, బోర్డులో కరెంటు పారే గీతలు కనపడటం మానేశాయి.

"అమ్మాయ్, నువ్వు జాకెట్లు కుడతావు కదా. ఈ మౌస్ పట్టుకో," అన్నారు ఒకరోజు.

"నాకు ఇంగ్లీషు రాదు అంకుల్."

"గీతలకీ రాదులే."

అలా ఆయన చెప్తుంటే నేను గీసేదాన్ని. చెప్పేటప్పుడు కళ్లు మూసుకునేవారు. కొన్ని గీతలు జంటగా వెళ్తాయి. ఒకే కబురుని రెండూ మోస్తాయి, ఒకటి సూటిగా, ఒకటి తిరగేసి. వాటి మధ్య ఎడం లెక్క కట్టినంతే ఉండాలి, మొదటి నుంచి చివరిదాకా మారకూడదు, మారితే కబురు చెడుతుంది. "అంచుకి జంట కుట్టు వేస్తావు చూడు, అదే ఇది," అనేవారు. ఎంత ఎడం ఉండాలో ముందే కంప్యూటర్‌కి రూలుగా చెప్పాలి. "గీశాక రూలు పెట్టేవాడు పెళ్లయ్యాక జాతకాలు చూపించేవాడు," అని నవ్వేవారు. నాకు ఓపికగా ఏదైనా నేర్పిన మనిషి ఆయనొక్కరే.

పోయిన చలికాలం ఒక కెమెరా బోర్డు పని వచ్చింది. అది బాగా వస్తే మా ఆయన్ని టెక్నీషియన్‌గా తీసుకుంటానని ఆ కంపెనీ యజమాని అంకుల్ గారికి మాటిచ్చాడు. మా ఆయన వర్క్ పర్మిట్ అయిపోవస్తోంది. అలాంటి ఉద్యోగం ఉంటేనే మాకు పీఆర్ వచ్చి ఇక్కడే ఉండిపోయే ఆశ.

ఆ బోర్డులో మామూలు గీతలకి ఎనిమిది మిల్స్ ఎడం, జంటలకి ఐదు. మిల్ అంటే వెంట్రుక కన్నా సన్నం. రెండు రూళ్లూ నేనే పెట్టాను. జాబితాలో పైనున్న రూలే చెల్లుతుంది. జంట రూలు పైన ఉండాలి, నేను కింద పెట్టాను. గీసిన జంటలన్నిటి మీదా ఆకుపచ్చ తప్పు గుర్తులు వచ్చాయి. అంకుల్ గారు కంటికి ఇంజెక్షన్ చేయించుకుని పడుకున్నారు. లేపడం ఎందుకని ఒక్కొక్క జంటనీ నేనే ఎనిమిదికి జరిపాను. రెండు రోజులు పట్టింది. గుర్తులన్నీ పోయాయి.

"ఒక్క తప్పూ లేదు అంకుల్," అని గొప్పగా చెప్పాను. "భేష్," అన్నారు. పంపించేశాం.

బోర్డులు తయారై వచ్చాయి. కెమెరా బొమ్మ నిలవలేదు, తెగి తెగి వచ్చింది. అంకుల్ గారు నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "జంట మధ్య కొలత చదువు," అన్నారు.

"ఎనిమిది."

"ఇంకో చోట?"

"ఎనిమిది."

మూడోది చదివించలేదు. ఫోన్ తీసి ఆ యజమానితో ఇంగ్లీషులో, తప్పు నాదే, నా కళ్లు బాగాలేవు అన్నారు. ఆ మాత్రం నాకు అర్థమైంది.

"నేను చెప్తాను అంకుల్."

"చెప్పి? డెబ్బై నాలుగేళ్లవాడు తప్పు చేస్తే జాలి పడతారు. నువ్వు చేశావంటే నిన్ను మళ్లీ మౌస్ ముట్టుకోనివ్వరు. వెళ్లి టీ పెట్టు."

జాలే పడ్డారు. ఆ తర్వాత ఎవరూ ఆయనకి పని ఇవ్వలేదు. కంప్యూటర్ మీద తువ్వాలు కప్పేశారు. మా ఆయనకి ఆ ఉద్యోగం రాలేదు. "గుడ్డి ముసలాయన్ని నమ్ముకుని మునిగాం," అన్నారు మా ఆయన ఒకసారి అన్నం దగ్గర. నేను చారు వడ్డించాను.

మొన్న ఫ్యునరల్ హోమ్‌లో మీలోనే ఒకరు, "ఆఖర్లో బోర్డు పాడుచేశాడట పాపం, ముందే మానుకోవాల్సింది," అన్నారు. అప్పుడూ చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. ఆయన పాడుచెయ్యలేదు. నేను చేశాను. ఇది రాసినంత మాత్రాన ఆయనకి ఒరిగేదీ లేదు, మాకు మిగిలేదీ లేదు. వచ్చే నెలకి ఇండియాకి టికెట్లు తీసుకున్నాం.

చివరి వారాల్లో అంకుల్ గారు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, రెండు వేళ్లు పక్కపక్కన పెట్టి టేబుల్ గుడ్డ మీద నడిపించేవారు. ఉప్పు సీసా అడ్డం వస్తే వేళ్లు రెండూ కలిసే తిరిగేవి, ఎడం మారకుండా. బల్ల అంచు దాకా వెళ్లి ఆగేవి. అక్కడ కాసేపు తడుముకునేవి.

అందరూ చదివాక ఈ కాగితం కాల్చేయండి. మా ఆయనకి ఇంకా తెలియదు.