చివరి కారు

జమ్మలమడుగు మెకానిక్ దేవసహాయం పాతకార్ల కొండపందెంలో తనిఖీ చేస్తాడు. బ్రేకులు, బెల్టు, హెల్మెట్ సరిగా లేకుంటే ఎమ్మెల్యే చుట్టమైనా సరే, వెనక్కి పొమ్మంటాడు. ఏ కారుకు ఆ కారుకే వేరుగా చెక్కి ఉండే ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుంటాడు.

ఈ ఏడాది వరుసలో చివరనున్న నల్లకారు అచ్చు తీసి, అందులోని నంబరును అతను రెండుసార్లు చదివాడు.

ఐదేళ్ల కిందట మేనల్లుడు జోయెల్ కారుకు, మనవాడే కదా అని, బ్రేకు తొక్కి చూడకుండానే సంతకం పెట్టాడు. కారు లోయలో పడింది. జోయెల్‌ను సమాధి చేశాక ఆ కారును దగ్గరుండి ముక్కలుగా కోయించింది దేవసహాయమే.

ఇప్పుడు అదే నంబరు.

స్టీరింగ్ ముందున్న హెల్మెట్ మెల్లగా అతనివైపు తిరిగింది.

"ఈసారన్నా బ్రేకు తొక్కి చూడు మామా."