కూతురి ఇల్లు కూల్చిన మేస్త్రి

ఉబాల్దో మేస్త్రిని తలుచుకునేవాళ్ళు మా కొల్లెమూరో ఊళ్ళో ఇప్పుడు ఎక్కువమంది లేరు. తలుచుకున్నా "కన్నకూతురి ఇల్లు కూల్చినవాడు" అనే అంటారు. అది అబద్ధం కాదు. కాని ఆయన బతుకంతా ఆ ఒక్క మాటలో పట్టదు. ఆయన కూతురు రికెల్దా, నేను ఒక ఈడువాళ్ళం. వాళ్ళకీ మాకూ మధ్య ఒకటే గోడ. ఆయన్ని బాబాయ్ అని, ఆయన భార్య గిస్లాను పిన్నీ అని పిలిచేదాన్ని. చూసింది చూసినట్టు చెప్పడానికి నాకన్నా దగ్గరివాళ్ళు మిగల్లేదు.

ఆయన కొండమీది రాతిగనుల పల్లె నుంచి పడుచుతనంలో దిగివచ్చాడు. సున్నపుబట్టీ వాళ్ళమ్మాయి గిస్లాను చేసుకుని మా వీధిలో ఇల్లు కట్టుకున్నాడు. మాటలు తక్కువ. అన్న ఒక్క మాటకీ నలుగురూ నవ్వేవాళ్ళు. ఆ రోజుల్లో ఊళ్ళో ప్రతివాడూ ఏదో ఒక పక్షం, పోపుగారి వైపో చక్రవర్తి వైపో. టోపీలో ఈక ఏ పక్కన గుచ్చుకున్నాడో చూసి మనిషికి దణ్ణం పెట్టాలో పక్క సందులోకి తప్పుకోవాలో తేల్చుకునేవాళ్ళం. ఆ పోపునిగానీ ఆ చక్రవర్తినిగానీ మాలో ఒక్కరూ కళ్ళతో చూసిన పాపాన పోలేదు. ఉబాల్దో బాబాయ్ టోపీలో మాత్రం ఏ ఈకా ఉండేది కాదు.

"ఏం మేస్త్రీ, ఇంతకీ నీదే పక్షం?" అని ద్రాక్షసారా కొట్టులో ఎవరో ఒకరు కదిపేవారు.

"నాది సున్నం పక్షం. పోపుగారి గోడకైనా చక్రవర్తి గోడకైనా ఒకేలా అంటుకుంటుంది."

రికెల్దాకి పెళ్ళీడు వచ్చేసరికి ఊరు చక్రవర్తి పక్షం చేతిలో ఉంది. పోపు పక్షం పెద్దలంతా ఊరొదిలి కొండల అవతల తలదాచుకున్నారు. ఏటి ఒడ్డున ఉన్ని నూలుకి రంగులద్దే రనీయెరి పిల్లనడిగాడు. మోచేతులదాకా నీలం, ఎంత తోమినా పోదు.

"ఆ చేతులతో ముట్టుకుంటే నా పిల్ల కూడా నీలమైపోతుందిరా అబ్బాయ్," అంది పిన్ని.

"అయితే అవనీ అత్తా, ఇద్దరం జోడీగా ఉంటాం," అన్నాడు రనీయెరి. అక్కడితో సంబంధం ఖాయమైపోయింది.

రంగువాళ్ళంతా మోంతాల్తి దొరల నీడన బతికేవాళ్ళు. ఆ దొరలు చక్రవర్తి మనుషులు. దొరది ఏ పక్షమో రంగువాళ్ళదీ అదే. పెళ్ళినాడు ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. పొద్దంతా ఊరిపని చేసి, సాయంకాలం ఏటి రాళ్ళు గాడిదమీద వేసుకుని పోయి, రెండు చలికాలాలపాటు బాబాయ్ ఒక్కడే కూతురికి ఇల్లు కట్టాడు. కింద రంగు తొట్లు, పైన రెండు గదులు. రికెల్దా సున్నం తొక్కుతుంటే నేను నీళ్ళు పోశాను. ఆ ఇంటికి గృహప్రవేశం చేసిననాడు గొర్రెపాల జున్ను, చెస్ట్‌నట్ పిండి రొట్టెలు తిని, పైగదిలో నేల దద్దరిల్లేలా చిందులేశాం. "గంతులెయ్యండర్రా, గట్టిగా ఎయ్యండి. దూలం ఆగుతుందో లేదో నేనూ చూసుకోవాలిగా," అని కింద నుంచి కేకేశాడు ఆయన.

తర్వాత చక్రవర్తి ఎక్కడో దక్షిణాదిన చనిపోయాడని కబురొచ్చింది. జ్వరమన్నారు, విషమన్నారు. ఏదైతేనేం, ద్రాక్షకోతలు ముగిసి చలి దిగే నాటికి పోపు పక్షం వాళ్ళు తిరిగి ఊళ్ళోకొచ్చారు. ఊరు చక్రవర్తి వైపుందని పూజలూ గంటలూ ఆపేస్తూ పోపుగారు పెట్టిన నిషేధంతో చాలా ఏళ్ళుగా మూగబోయిన చర్చి గంటలు మోగాయి. మేమంతా వీధిలోకొచ్చి ఏడ్చాం, సంతోషంతోనే ఏడ్చాం. ఆ సాయంత్రమే దండోరా వేశారు. మోంతాల్తి దొరలూ వాళ్ళ నీడనున్నవాళ్ళూ ఊరు విడిచిపోవాలి, వాళ్ళ ఇళ్ళు పునాదులదాకా పడగొట్టాలి. ఆంబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్ళు విరగడం అంటే అదే.

పడగొట్టడం తాపీమేస్త్రుల వంతు. ఎవరికే వీధి అన్నది పోపు పక్షం పెట్టిన కొత్త అధికారి పంచాడు. రంగువాళ్ళ వీధి ఉబాల్దో బాబాయ్‌కి పడింది. ఆయన టోపీ చేతబట్టుకుని అధికారి దగ్గరికి వెళ్ళాడు. వెనకాల నా మగడు తోడు వెళ్ళాడు కాబట్టి ఆ మాటలు నాకు తెలుసు.

"అయ్యా, ఆ వీధిలో మా అమ్మాయి ఇల్లుంది. ఆ ఒక్కటీ ఇంకెవరికైనా చెప్పండి. బదులుగా మోంతాల్తి వాళ్ళ బురుజు నేనొక్కణ్ణే కూలుస్తాను."

"నీ కూతురిదని మాకు తెలీదనుకున్నావా? తెలిసే ఇచ్చాం. ఏ పక్షమూ కాదని తిరిగావుగా ఇన్నాళ్ళూ. ఇప్పుడు తేలిపోతుంది."

"చెయ్యనంటే?"

"అల్లుడి వెనకాలే నువ్వూ నీ పెళ్ళామూ ఊరి గేటు దాటండి. మాకేం, ఇంకో ఇల్లు కలిసొస్తుంది."

అప్పటికి పిన్ని ఊపిరాడక మంచంలో ఉంది. నాలుగడుగులు వేస్తే పెదవులు నల్లబడేవి. ఆ చలిలో ఆమెను కొండదారి పట్టిస్తే మొదటి మజిలీ కూడా చేరదు. బాబాయ్ సరేనని వచ్చేశాడు.

మర్నాడు పొద్దున నేను రికెల్దాకి సామాను సర్దిపెడుతున్నాను. అప్పటికామె కడుపుతో ఉంది. వంగడమే కష్టంగా ఉంది. వీధి చివర నిచ్చెన భుజాన వేసుకుని వస్తున్న తండ్రిని చూసి ముఖం చేటంత చేసుకుంది.

"నాన్నా, వచ్చావా! ఈ పెట్టె అటు పట్టు, దీన్ని నేనొక్కదాన్నీ లేపలేకపోతున్నా. అమ్మకెలా ఉంది?"

ఆయన పెట్టె పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి బండిదాకా మోశారు. అప్పుడు కనబడ్డారామెకు, వీధి మలుపులో గునపాలు పట్టుకుని నిలబడ్డ కూలీలు, వాళ్ళ వెనక అధికారి బంట్లు. తండ్రి భుజానున్న నిచ్చెనవంక చూసింది. నడుముకి వేలాడుతున్న సుత్తివంక చూసింది.

"నువ్వా?"

"అమ్మని బయటికి గెంటేస్తారమ్మా. ఇంకోడైతే నిప్పుపెట్టి పోతాడు. నేనైతే రాయి పగలనివ్వను. దూలాలు దింపి దాస్తాను. మళ్ళీ మీ రోజులొస్తే ఇవే రాళ్ళతో..."

"ఎవరి రోజులు నాన్నా? నాకేమైనా రోజులున్నాయా?"

రనీయెరి లోపల్నుంచి వచ్చాడు. మామను ఎగాదిగా చూశాడు. "సున్నం పక్షం అన్నావు కదా మామా. అంటుకున్నావులే బాగానే!"

బంటు ఒకడు ఫక్కున నవ్వాడు. రికెల్దా నవ్వలేదు, ఏడవనూ లేదు. గోడలవంక చూసి, "నేను గేటు దాటేదాకా చప్పుడు వినబడకూడదు. అంతవరకైనా ఆగగలవా?" అంది.

ఆయన అరుగుమీద కూర్చున్నాడు, సుత్తి ఒళ్ళో పెట్టుకుని. బండి కదిలింది. నేను గేటుదాకా వెళ్ళాను. రికెల్దా వెనక్కి తిరిగి చూడలేదు. తిరిగొచ్చేసరికి బంటు బాబాయ్ నెత్తిన అరుస్తున్నాడు, "ముసలాడా, కూర్చోడానికా కూలి?" అంటూ చెంపమీద కొట్టాడు. ఆయన కదల్లేదు. నన్ను చూసి, "దాటిందా అమ్మాయ్?" అని అడిగాడు. దాటిందన్నాను. అప్పుడు లేచి నిచ్చెన ఎక్కి మొదటి పెంకు తీశాడు.

చెప్పినట్టే రాయి పగలకుండా దించాడు. చర్చి వెనక దొంతిగా పేర్చి, దూలాలు గడ్డితో కప్పాడు. వసంతం వచ్చేసరికి అధికారి ఆ రాళ్ళన్నీ బళ్ళకెత్తించి ఊరి ప్రహరీకి వాడుకున్నాడు. దూలాలు ఎవరి పొయ్యిలోకి పోయాయో తెలియదు.

పిన్నికి సంగతి తెలిసిననాడు నేను పక్కనే ఉన్నాను. ముల్లంగి గంజి తాగిస్తున్నాను.

"నీ కోసమే చేశానే," అన్నాడాయన గుమ్మంలో నిలబడి.

"నా కోసమా? నన్నడిగావా? దారిలో చచ్చినా పిల్ల పక్కన చచ్చేదాన్ని కదయ్యా."

ఆ తర్వాత ఆమె ఆయనతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా నాతో చెప్పేది, నేను ఆయనకి చెప్పేదాన్ని. ఎండాకాలంలో పోయింది. ఆఖరి గడియలో ఆయన చేయి పట్టుకుంటే విడిపించుకోలేదు. అది క్షమించడమో, ఓపిక లేకపోవడమో నాకు తెలియదు. ఆయనా నన్ను ఎప్పుడూ అడగలేదు.

రికెల్దావాళ్ళు పీసాలో ఉన్నారని, ఆడపిల్ల పుట్టిందని ఒక ఉన్నివర్తకుడు చెప్పాడు. ఆ రోజు బాబాయ్ కొత్త టోపీ కొనుక్కున్నాడు, ఎందుకో. మూడో ఏడు ఉప్పుబస్తాల గాడిదలు తోలుకొచ్చే మనిషి ఇంకో కబురు తెచ్చాడు. పీసాలో బతుకుతెరువు లేక రనీయెరి సముద్రపు బురదనేలల వైపు పోయాడట. అక్కడి చలిజ్వరానికి రికెల్దా పోయిందట.

బాబాయ్ చర్చికి వెళ్ళాడు, గుమ్మందాకా నేను తోడు వెళ్ళాను. మా గురువు ఫాదర్ ఓర్లాందో ముసలివాడు, మెత్తనివాడు.

"స్వామీ, నా బిడ్డ పేరున ఒక్క పూజ చెయ్యండి."

"ఎలా చెయ్యనయ్యా? వాళ్ళ పక్షాన్నంతా పోపుగారు వెలివేశారు. వెలివేసినవాళ్ళ పేరు పీఠం దగ్గర నేను పలక్కూడదు."

"అది ఏ పక్షమూ కాదు స్వామీ. రంగు నీళ్ళు మోసేది, అంతే. దానికి జ్ఞానస్నానం చేయించింది మీరే."

"నేనే. గుక్కపెట్టి ఏడ్చింది, నాకు గుర్తే." ఫాదర్ కళ్ళు తుడుచుకున్నాడు. "నోరు కట్టేశారయ్యా నాకు. నువ్వు కూర్చుని జపం చేసుకో. నేనూ పక్కన కూర్చుంటాను. పేరు పలకను."

ఇద్దరు ముసలివాళ్ళూ ఖాళీ చర్చిలో పక్కపక్కన కూర్చున్నారు.

చక్రవర్తి కొడుకు సైన్యం కట్టి పోపు పక్షాన్ని ఓడించాక ఊరు మళ్ళీ తిరగబడింది. గంటలు మళ్ళీ మూగబోయాయి, మళ్ళీ మా మీద నిషేధం. మోంతాల్తి దొరలు గుర్రాలమీద వచ్చారు. వాళ్ళ వెనక రనీయెరి, నడుముకి కత్తితో. చేతులమీది నీలం పోయింది. ఈసారి దండోరాలో పోపు పక్షానికి పనిచేసినవాళ్ళ ఇళ్ళు కూల్చాలన్నారు. మా వీధిలో ఆ లెక్కకొచ్చింది ఉబాల్దో బాబాయ్ ఇల్లు ఒక్కటే. మిగతా మేస్త్రులు ముందే పారిపోయారు. ఆయన పోలేదు.

రనీయెరి స్వయంగా వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"మామా, నీ ఇల్లు దించెయ్యాలని ఆజ్ఞ. నేను వేయించింది కాదు. ఆపమంటే వినరు. కూలీల్ని పంపుతాను, నువ్వు ఎటైనా వెళ్ళు. చూడలేవు."

"కూలీలెందుకు నాయనా. ఆ పని నాకొచ్చు."

ఇంటిపైకెక్కి తన చేత్తో తనే పెంకులు తీయడం మొదలుపెట్టాడు. రనీయెరి కాసేపు చూసి, కత్తి విప్పి మా అరుగుమీద పెట్టి, కిందనుంచి పెంకులు అందుకున్నాడు. ఇద్దరూ మధ్యాహ్నందాకా అలా పనిచేశారు. నేను బాకలాలు, అంటే మా పెద్ద చిక్కుళ్ళు, నూనెలో ఉడికించి ఇద్దరికీ పెట్టాను. తింటూ తింటూ అడిగాడు బాబాయ్.

"పోయేముందు... నన్ను తలుచుకుందా?"

రనీయెరి గిన్నె కింద పెట్టాడు. "లేదు మామా. నీకు అబద్ధం చెప్పలేను. ఒక్కసారి కూడా నీ పేరెత్తలేదు."

"మంచిది," అన్నాడు బాబాయ్. ఇంకో ముద్ద తిని, "పిల్ల?" అన్నాడు.

"పీసాలో ఉంది. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాను, ఆవిడనే అమ్మా అంటుంది. పేరు గిస్లా. రికెల్దాయే పెట్టింది."

ఆయన గిన్నె ఖాళీ చేసి మళ్ళీ నిచ్చెనెక్కాడు.

అప్పట్నుంచి మా పీపాల కొట్టాంలో ఉన్నాడు. నా మగడు పీపాలు కట్టేవాడు. బాబాయ్ రొట్టె పొయ్యిలు బాగుచేసేవాడు, బావి గట్లు పూసేవాడు. ఇల్లు కట్టమన్నా కూల్చమన్నా చేయి అడ్డంగా ఊపేసేవాడు. మాతోపాటే తినేవాడు, కాని భోజనాలయ్యాక ఉండమన్నా ఉండేవాడు కాదు.

ఒక శరత్తులో రనీయెరి పిల్లని తెచ్చాడు. రికెల్దా నుదురే, రికెల్దా మొండితనమే. ముసలాయన ముందు ఏ బెరుకూ లేకుండా నిలబడి, "మా అమ్మ ఇల్లు చూపిస్తావని నాన్న అన్నాడు," అంది. బాబాయ్ రంగువాళ్ళ వీధికి తీసుకెళ్ళాడు. వెనక నేనూ వెళ్ళాను. అక్కడ దురదగొండి తప్ప ఏముంది? ఆయన కర్రతో దాన్ని పక్కకి తోస్తూ చూపించాడు. "ఇక్కడ పొయ్యి. ఇక్కడ మెట్లు, నువ్వైతే ఎక్కలేవు, కాస్త ఎత్తుగా కట్టాను. అదిగో, అక్కడ కిటికీ. ఏరు కనబడాలంది మీ అమ్మ."

"మరి ఎవరు కూల్చేశారు?"

ఆయన కర్ర ఆనుకుని, "నేనే," అన్నాడు.

పిల్ల ఆయన ముఖంలోకి చూసింది. తిరిగి వచ్చేటప్పుడు నా చేయి పట్టుకుని నడిచింది, ఆయన పక్కన నడవలేదు.

బాబాయ్ ఆ చలికాలమే పోయాడు. ఫాదర్ ఓర్లాందో అప్పటికే లేడు. వచ్చిన కొత్త గురువు నిషేధం దాటి చర్చి తలుపు తెరవనన్నాడు. గంటా లేదు, పూజా లేదు, పవిత్రమైన నేలా లేదు. ప్రహరీ అవతల, నిషేధంలో పోయినవాళ్ళందర్నీ పెట్టే ముళ్ళపొలంలో పెట్టాం. నా మగడూ ఇద్దరు పొరుగువాళ్ళూ మోశారు, తలవైపు రనీయెరి మోశాడు. నాకొచ్చిన ప్రార్థన నేను చెప్పాను, తప్పులతో. అక్కడ ఇంకెవరికీ అదీ రాదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు చక్రవర్తి కొడుకు యుద్ధంలో చచ్చాడు, పోపు పక్షం మళ్ళీ వచ్చింది. రనీయెరి పిల్లనూ భార్యనూ తీసుకుని వాళ్ళకన్నా ముందే గేటు దాటాడు. ఈసారి ఎక్కడికి పోయారో మాకు తెలియలేదు.