పైపులో చిక్కిన గాలి

ఆ వీధిలో బళ్లు బాగుచేసే షెడ్డు అతనిది. అతన్ని అందరూ స్టెతస్కోపు అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటాడు మరి. మోటారు సైకిల్ జబ్బును తనలా పట్టేవాడు ఇంకొకడు లేడని అతని నమ్మకం. ఇన్నేళ్లూ ఆ నమ్మకం మీదే ఇల్లు నడిచింది.

ఆ చెవులే ఈమధ్య మొండికేశాయి. ఎదురుగా ఉండి అంటే తప్ప మాట అందదు. సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. షెడ్డును ఆనుకున్న గదిలో ఆవిడ బట్టలు కుడుతుంది. ఎంత తిట్టినా మొగుడు బుద్ధిగా తల ఊపేస్తుంటే, తిట్టిన సుఖం కూడా లేకుండా పోయిందని ఆవిడ బాధ. చెవుల డాక్టరు దగ్గరికి పోదామంటే మాత్రం ససేమిరా అనేవాడు. చెవుడని ఖాయమైతే ఇక షెడ్డుకు తాళం వేసుకోవడమేనని లోలోపల గుబులు.

ఆ రోజు పొద్దున్నే నర్సమ్మ బండిని తోసుకుంటూ వచ్చింది. కొండ మీది ఊళ్లకు మందులు మోసే బండి అది. మొన్ననే అతను దాని రేడియేటర్‌లో, ఇంజనును చల్లబరిచే పాత కూలెంట్ నీళ్లు తీసేసి కొత్తవి పోశాడు.

"సగం కొండ ఎక్కేసరికి ఆవిర్లు కక్కింది బాబాయ్. నీ చేతిలో ఎప్పుడూ ఇలా కాలేదు. మధ్యాహ్నానికి బాగవుతుందా, ఇంకెవరికైనా చూపించుకోనా?"

"నేనున్నాగా తల్లీ" అన్నాడు.

కూలెంట్ పోశాక పైపుల్లో గాలి మిగలకూడదు; మిగిలితే కూలెంట్ తిరగక ఇంజను వేడెక్కిపోతుంది. మూత తీసి ఉంచి, ఇంజను ఆడిస్తూ, ఆ గాలిని బుడగలుగా బయటికి రప్పించాలి. గుడగుడ ఆగితే గాలి పోయినట్టు. మొన్న ఆగిందనుకునే మూత బిగించాడు. గుడగుడ ఆగనే లేదు, అతనికి వినబడలేదంతే. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

ఇంజను పూర్తిగా చల్లారాక మూత తీసి, తగ్గినంత పోశాడు. స్టార్ట్ చేసి గది వైపు తిరిగాడు.

"ఏమే, ఇలా రా. నాకు వినబడటం లేదు."

ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. ఆవిడ కుట్టు ఆపి, వచ్చి పక్కన కూర్చుంది.

"గుడగుడ అన్నప్పుడల్లా నా భుజం తట్టు."

ఆవిడ తట్టింది. అతను రబ్బరు పైపును వేళ్లతో పట్టుకుని కూర్చున్నాడు. ఇంజను అదురు వేరు, బుడగ కదిలినప్పటి వణుకు వేరు. తట్టిన ప్రతిసారీ ఆ వణుకు వేళ్లకు తగిలింది. కాసేపటికి వణుకే ముందు తెలుస్తోంది, ఆవిడ చెయ్యి తర్వాత పడుతోంది.

"ఇక చప్పుడు లేదండీ" అని ఆవిడ అతని చెవి దగ్గర చెప్పి మూత అందించింది.

"ఉండు. ఇంకోటుంది."

బండిని ఓ పక్కకు వంచి పైపు పిసికాడు. పెద్ద బుడగ బుడుంగున పైకొచ్చి పగిలింది. కూలెంట్ ఒక్కసారిగా కిందికి దిగింది. ఆవిడ నోరు తెరుచుకుని చూసింది. ఆ ముఖం చూసి నవ్వుతూ అతను తన వేళ్లు ఆడించి చూపించాడు.

మధ్యాహ్నం కొండెక్కిన నర్సమ్మ వెలుగుండగానే తిరిగొచ్చింది. బండి ఎక్కడా వేడెక్కలేదట.

ఆమె వెళ్లాక అతను చేతులు కడుక్కుంటూ, "రేపు చెవుల డాక్టరు దగ్గరికి పోదాం" అన్నాడు.

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది.

"బండికి చెయ్యి చాలు. నీ తిట్లకు చెవి కావాలిగా!"

ఆవిడ మూతి తిప్పి ఏదో అంది. అతను తల ఊపలేదు. దగ్గరికి జరిగి, "మళ్లీ చెప్పు" అన్నాడు.