ఇస్త్రీ అక్క మెత్తటి రోజులు

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఇస్త్రీ అక్కే. కనీసం కరెంటు బిల్లు మీదైనా పేరు కనబడుతుందా అంటే, అది ఎప్పుడో పోయిన మామగారి పేరునే ఇంకా వస్తోంది. కింద కొట్టు, పైన ఇల్లు, మధ్యలో ఒక్క మనిషి పట్టే ఇరుకు మెట్లు. అక్క ఎక్కుతుంటే ఎదురొచ్చేవాళ్ళు వెనక్కి తిరిగి పైకి పోవాల్సిందే. "ఒక మనిషి పట్టే మెట్లకి నేను ఒకటిన్నర మనిషిని మరి" అని, ఇంకెవరూ అనకముందే తనే అనేసి నవ్వేది.

రోజంతా నిలబడే పని. కాలరు, చేతులు, వీపు, మడత, మళ్ళీ ఇంకో చొక్కా. తిండి కూడా నిలబడే. కుడిచేతిలో ఇస్త్రీపెట్టె, ఎడమచేతిలో బిస్కెట్టు. రాత్రి గిన్నెల అడుగున మిగిలింది పారేయబుద్ధి కాక నోట్లో వేసుకునేది. ఆమె కంచం పెట్టుకుని కూర్చుని తినగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. అలా అలా షుగరు పెరిగింది, మోకాళ్ళు మొరాయించాయి. మోకాళ్ళు బాగుచేయాలంటే బరువు తగ్గాలన్నారు. బరువు తగ్గాలంటే నడవాలన్నారు. నడవడానికి మోకాళ్ళేవీ? కొన్నాళ్ళు ఇలా గిరగిరా తిరిగాక, పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ ఒకటుందని డాక్టరు చెప్పాడు.

భర్త సరేనన్నాడు. ఆయన బట్టల మూటలు ఇళ్ళకి చేర్చే మనిషి, దేనికైనా ముందు సరేనని తర్వాత భయపడతాడు. అత్తగారు మాత్రం మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు నోరు విప్పింది.

"ఉన్న పొట్ట కోయించుకోవడం ఏమిటే? నోరు కట్టుకుంటే పోలా?"

"నోరు కట్టుకోవడం రాకే కదా అత్తయ్యా ఇక్కడిదాకా వచ్చింది."

ఆపరేషన్ అయింది. పొట్ట ఇప్పుడు అరటిపండంత ఉందని చెప్పి ఇంటికి పంపారు. మొదట నీళ్ళలాంటివే తాగాలి. మందు సీసా మూతలాంటి బుల్లి కప్పులో పోసుకుని, పిట్ట తాగినట్టు గుక్క గుక్కగా తాగాలి. తర్వాత పాలు, పల్చటి సూపులు. ఆకలి వేయకపోవడం అక్కకి వింతగా ఉండేది. ఆకలి లేదు సరే, చేతులకి ఏం తోచదే! అస్తమానం ఏదో ఒకటి అందుకోవడానికి అలవాటు పడిన ఎడమచెయ్యి, ఖాళీగా కొంగు చివర నలుపుతూ కూర్చునేది. ఒక మధ్యాహ్నం ఏ కారణమూ లేకుండా ఏడుపొచ్చింది. అత్తగారు చూసి, ఉతికిన చేతిరుమాళ్ళ బుట్ట తెచ్చి ఒళ్ళో పెట్టింది. "మడతపెట్టు" అంది.

మూడో అంచెకి వచ్చేసరికి, ఆసుపత్రిలో తిండి సంగతి చూసే అమ్మాయి ఫోన్ చేసింది. ఇక గట్టి పదార్థమే తినొచ్చట, కానీ ఉండ అనేది తగలకుండా మెత్తగా గుజ్జు చేసి తినాలట. ఆ మాట వినగానే భర్త మొహం వెలిగింది.

"ఇంకేం! అమ్మకి రోజూ చేసేదేగా! అదే ఇంకో గరిటె ఎక్కువ చేసుకో."

అత్తగారికి పళ్ళు ఊడి చాలా ఏళ్ళయింది. ఒకసారి కట్టుడు పళ్ళు పెట్టిస్తే చిగుళ్ళు ఒరుసుకుపోయి తీసి అవతల పారేసింది. అప్పట్నుంచి అక్క ఉడికిన కూరలు, బంగాళాదుంప, కోడిమాంసం, ఏది వండితే అది అంతా మిక్సీలో వేసి, ఒక్క తిప్పు తిప్పి గిన్నెలో పెట్టేది. నోరు కాలుతుందేమోనని చల్లార్చి, గొంతుకి పడదేమోనని కారం లేకుండా, బీపీ కదా అని ఉప్పు వేసీ వేయనట్టు వేసి మరీ. ఎప్పుడూ ఆలస్యం చేసింది లేదు. ఆ లెక్కన మంచి కోడలే.

ఆ రోజు అదే గిన్నెలోంచి తనూ ఒక చెంచా తీసుకుని నోట్లో పెట్టుకుంది. తడిసిన అట్టముక్క నమిలినట్టుంది. కూరా కాదు, మాంసమూ కాదు, తీపీ లేదు, కారమూ లేదు. బూడిదరంగు. తలెత్తి చూస్తే ఎదురుగా అత్తగారు తలొంచుకుని, చెంచా తర్వాత చెంచా, చప్పుడు లేకుండా తింటోంది.

"అత్తయ్యా, ఇన్నాళ్ళూ నేను మీకు పెడుతున్నది ఇదేనా?"

"ఇదే."

"మరి ఒక్కసారైనా చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? పొద్దస్తమానం నిలబడి చాకిరీ చేసి వచ్చి నాకోసం ప్రత్యేకంగా చేస్తావు. బాగాలేదని అనడానికి నోరెలా వస్తుందే?"

అక్క చెంచా కింద పెట్టేసింది. పొట్టలో పట్టేది నాలుగు చెంచాలే అయినా ఆ నాలుగూ దిగలేదు.

మర్నాటి నుంచి వంట మారింది. క్యారెట్ విడిగా, బఠాణీ విడిగా, చేప విడిగా. దేనికదే ఉడికించి, దేనికదే మెత్తగా చేసి, చేపలో నిమ్మరసం పిండి, బఠాణీలో మిరియాల పొడి చల్లి, రెండు పళ్ళేల్లో రంగు రంగుగా పెట్టింది. అత్తగారు అనుమానంగా చూసి, చెంచా కొసతో కొంచెం తీసి నాలిక మీద పెట్టుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇది చేప కదే!"

"చేపే."

"చేప ఇది!" అంది మళ్ళీ, అక్కకి తెలియదన్నట్టు. కాసేపు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, మిరియాల ఘాటు అని సాకు చెప్పింది. మిరియాలు ఉన్నది బఠాణీలో.

ఇక ఇద్దరూ కలిసే తినేవాళ్ళు. అక్కకి కూర్చుని తినడం చేతకాదు. రెండు చెంచాలు గబగబా మింగేసి, గుండెల దగ్గర పట్టేసినట్టయి, లేచి తిరిగేది. నెమ్మదిగా తినమని ఆసుపత్రిలో చెప్పారు గానీ, నెమ్మది అంటే ఎలాగో ఎవరు చూపిస్తారు? అత్తగారు చూపించింది.

"ఏం, రైలు పోతోందా? ముందు కూర్చో. చెంచా సగం నింపు. నాలిక మీద పెట్టి, అంగిలికి ఆనించి నొక్కు. రుచి అంతా దిగాక అప్పుడు మింగు. చెంచా కింద పెట్టేయ్. ఇప్పుడు నాతో ఏదైనా కబురు చెప్పు."

"ఏం కబురు?"

"ఎదురింటాయన చొక్కాలకి బొత్తాలు ఎందుకూడుతున్నాయో చెప్పు."

"నాలాగే పొట్ట వస్తోంది అత్తయ్యా."

అత్తగారు బోసినోటితో నవ్వితే మొహమంతా నోరే అయిపోయేది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ అంతసేపు ఎదురెదురుగా కూర్చున్నది అప్పుడే.

అంతా బాగుందనుకుంటున్న రోజుల్లో ఒక పొరపాటు జరిగింది. బడులు తెరిచే వారం, కొట్టు నిండా యూనిఫాం మూటలు. భర్త మూటలు చేర్చడానికి వెళ్ళాడు. కూతురు పరీక్ష పాసైందని ఒకామె బేకరీ నుంచి వేడి వేడి బన్నులు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళింది. అక్క లాగు మడత సరిచేస్తూనే ఉంది. ఎడమచెయ్యి తనంతట తను వెళ్ళి బన్ను తుంచి నోట్లో పెట్టేసింది. మింగాక గానీ తెలియలేదు.

గుండెల మధ్య బండరాయి పెట్టినట్టయింది. చెమటలు పట్టేశాయి. నోట్లో నీళ్ళు ఊరుతున్నాయి, లోపలికి పోదు, బయటికి రాదు. ఇస్త్రీపెట్టె స్విచ్ ఎలాగో ఆపి, మూటల మీద కూలబడి "అత్తయ్యా" అని అరిచింది.

అత్తగారు ఆ మెట్లు దిగి ఎన్నేళ్ళయిందో. ఎలా దిగిందంటే, మొదటి మెట్టు మీద కూర్చుని, చంటిపిల్లలా జరుగుతూ జరుగుతూ, ఒక్కో మెట్టే దిగింది. వచ్చి, అక్క వీపు మీద చెయ్యేసి, ముందుకు వంచి పట్టుకుంది. కాసేపటికి అదంతా బకెట్లోకి వచ్చేసింది. అక్క మూతి తుడుచుకుని, "తిట్టండి అత్తయ్యా" అంది.

"ఎందుకు తిడతాను? ఆ ఎడమచెయ్యి నీ మాట వినదు. ఇకనుంచి దానికి నేను కాపలా ఉంటా."

అన్నట్టే, మర్నాటి నుంచి మధ్యాహ్నం అయ్యేసరికి కొడుకు భుజం పట్టుకుని కిందకి దిగేది. బట్టల బల్ల ఒక పక్క ఖాళీ చేయించి, పళ్ళేలు పెట్టించేది. చొక్కా కోసం తొందరపడి వచ్చినవాళ్ళకి, "అక్క తింటోంది. కూర్చోండి, ప్రపంచం మునిగిపోదు" అని స్టూలు చూపించేది. జనం కూర్చునేవాళ్ళు. అత్తగారితో కబుర్లలో పడి కొందరు చొక్కా మర్చిపోయి వెళ్ళిన సందర్భాలూ ఉన్నాయి.

నెలలు గడిచాయి. జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలి అక్క బెంగపెట్టుకుంది. కొన్నాళ్ళకి మళ్ళీ నుదుటి మీద చిన్న చిన్న వెంట్రుకలు మొలిచాయి. జాకెట్లు రెండుసార్లు బిగించి కుట్టించుకుంది. మెత్తటి గుడ్డు, మెత్తటి ముక్కలు దాటి, ఇప్పుడు మామూలు తిండి కొంచెం కొంచెంగా నమిలి తినొచ్చని ఆసుపత్రి అమ్మాయి చెప్పింది. ఆ రోజు అక్క ఒక ఆపిల్ ముక్క కొరికింది. కరుక్కుమన్న చప్పుడు వినేసరికి సంతోషం పట్టలేకపోయింది.

ఆ మర్నాడు అత్తగారు కిందకి దిగలేదు. "మోకాళ్ళు" అంది. ఆ తర్వాతి రోజూ మోకాళ్ళే. పైన ఒక్కతే గోడవైపు తిరిగి తింటోంది.

అక్కకి అర్థమైంది. కొట్టుకి తలుపు దగ్గరగా వేసి, తన పళ్ళెం పట్టుకుని పైకి వెళ్ళి ఎదురుగా కూర్చుంది. పైకి వచ్చాక కూడా ఊపిరి మామూలుగానే ఉందని ఇద్దరూ గమనించారు.

"నీ బండి సాగిపోయింది. వెళ్ళు. నాతో కూర్చుని ఇంకా గుజ్జు ఎందుకు నాకడం?" అంది అత్తగారు.

"మీరు కిందకి రాకపోతే నేను మళ్ళీ నిలబడి తినేస్తా."

"బెదిరిస్తున్నావా?"

"ఆఁ, బెదిరిస్తున్నా."

అత్తగారు చెంచా కింద పెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఆ పళ్ళ డాక్టరు ఇంకా ఉన్నాడా?"

ఉన్నది ఆయన కూతురట. ఆ అమ్మాయి ఓపిగ్గా కొలతలు తీసి, కొత్త పళ్ళు చేసి, చిగుళ్ళు ఎక్కడ నొప్పెడితే అక్కడ ఆ పళ్ళని అరగదీసి, మళ్ళీ పెట్టి చూసింది. పెట్టుకున్న కొత్తలో మెత్తటివే తినమంది. అత్తగారు గొణుగుతుంటే, ఈసారి చెంచా పట్టింది అక్క. "సగం నింపండి. రెండు వైపులా నమలండి. ఇప్పుడు నాకో కబురు చెప్పండి."

అక్క మోకాళ్ళు ఇంకా అప్పుడప్పుడు పట్టేస్తూనే ఉన్నాయి. డాక్టరు మరికొన్నాళ్ళు చూద్దామన్నాడు. అత్తగారు ఇప్పుడు రొట్టె తింటుంది, మాంసం ముక్క తింటుంది, కొడుకు పళ్ళెంలోది కూడా రుచి చూస్తుంది. వానపడి కొట్లో బేరం లేని మధ్యాహ్నాల్లో మాత్రం ఒక్కోసారి పళ్ళు తీసి నీళ్ళగిన్నెలో వేసి, బోసినోటితో అడుగుతుంది.

"ఏమే, ఆ చేప చేయకూడదూ? అదే, మెత్తగా. నీకూ కలిపి చెయ్యి."


అక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, చేప తెమ్మని భర్తకి ఫోన్ చేస్తుంది.