మా మావయ్యగారి ఉప్పూ కారం

మా మావయ్యగారికి కోపం వస్తే నోట్లోంచి మొదట వచ్చే మాట ఒకటే. "ఒరేయ్, ఉప్పూ కారం తింటున్నావా లేదా?" కూలీలు ఆలస్యంగా వచ్చినా అదే, కొడుకు మోటారు కట్టెయ్యడం మరిచిపోయినా అదే. నేను కనిగిరి వైపు మెట్టలో, నిమ్మళంగా మాట్లాడే మనుషుల మధ్య పెరిగినదాన్ని. కొత్త కోడలిగా ఆ గొంతు వింటే చేతిలో గిన్నె జారిపోయేది. తరవాత అలవాటైంది. ఎనభైల మధ్యలో ఒక ఏడాది ఆ గొంతు తగ్గిపోయింది, అప్పుడు మాత్రం నిజంగా భయం వేసింది.

అది మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న కాలం. గుంటూరు పక్కన మా ఊళ్ళో ఆ రోజుల్లో పలకరింపుల కంటే తుమ్ములే ఎక్కువ వినబడతాయి. మావయ్యగారికి ఆయాసం మొదలైంది. కల్లం దాకా నడిచి వెళ్ళి, కాయల పక్కనే కూలబడేవారు. ఘాటు పడటం లేదన్నారు అందరూ. కొన్నాళ్ళకి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం మొదలుపెట్టారు. సాయంత్రానికి పాదాలు ఉబ్బేవి. ఘాటుకి దగ్గొస్తుంది గాని పాదాలెందుకు ఉబ్బుతాయని అడిగాను. చదువుకున్నదానివి, నువ్వే చెప్పు అంది అత్తయ్య. నాకూ తెలియదు.

మా ఆయన గుంటూరు తీసుకెళ్ళి గుండె డాక్టరుకి చూపించాడు. బస్సు దిగి వచ్చి చెప్పిన సంగతులు ఇవి: బీపీ చాలా ఎక్కువగా ఉంది, ఎన్నేళ్ళుగా ఉందో ఏమో, గుండె పెరిగింది, రోజూ మాత్రలు వేసుకోవాలి, చుట్ట మానెయ్యాలి, ఉప్పూ కారం తగ్గించాలి. గుండె పెరగడం మంచిదే కదా అని అత్తయ్య ఆశగా అడిగింది. మా ఆయన ఆ సంగతి అడిగి రాలేదు. డాక్టరు ముందు నోరు తెరిచి నాలుగు ముక్కలు అడగడానికే ఆయనకి మొహమాటం.

ఉప్పూ కారం మనకి రెండు మాటలు కాదు, ఒకటే. అందులో మిరప రైతు ఇంటికి వినబడింది కారం ఒక్కటే. తప్పుచేసినదాన్ని వెతుక్కోనక్కర్లేదు, కల్లం నిండా ఎర్రగా పోసే ఉంది. అత్తయ్య కారం డబ్బా అటక ఎక్కించింది. పప్పులో మిరపకాయ మానేసింది. పక్కింటివాళ్ళు పండుమిరప పచ్చడి పంపితే, మావయ్యగారు ఒకసారి వాసన చూసి, పథ్యం అని గిన్నె పక్కకి జరిపారు. అంత పట్టుదల మనిషి.

కాని ముద్ద దిగేది కాదు. ఆయన అవస్థ చూడలేక అత్తయ్య ఆ లోటు మరోదాంతో తీర్చింది. జ్వరం వచ్చినవాళ్ళకి పెట్టే, ఉప్పులో ఊరిన పాత నిమ్మకాయ జాడీ దించింది. కారం లేదు కాబట్టి అది పథ్యమే. పప్పన్నంలో ఆ నిమ్మకాయ, చారన్నంలో వడియాలు, అప్పడాలు, ఎండవేళ ఉప్పేసిన మజ్జిగ చెంబెడు. ఎంత ప్రేమగా పెట్టేదో చెప్పలేను. మేమంతా ఆవిడ ఓపికని మెచ్చుకునేవాళ్ళం.

వాపు పిక్కల దాకా వచ్చింది. ఆయన కిర్రు చెప్పులు పాదాలకి పట్టక చూరు కింద పడి ఉండేవి. ఆయన అరుగు మీద దిండుకి ఆనుకుని, వచ్చేపోయేవాళ్ళని చూస్తూ కూర్చునేవారు. కూలీలు పొద్దెక్కి వచ్చినా ఒక్క మాట అనేవారు కాదు. ఒకరోజు నన్ను పిలిచి, "అమ్మాయ్, వచ్చే పంట నేను చూడనులే. నేను పోయాక మీ అత్తయ్యని ఒంటరిగా పడుకోనివ్వకండి" అన్నారు.

నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఇంత పథ్యం చేస్తుంటే తగ్గకపోవడం ఏమిటి? మర్నాడు మా ఆయన్ని పొలం చూసుకోమని, నేనే మావయ్యగారిని బస్సెక్కించాను. ఆ డాక్టరుని కడిగెయ్యాలనే వెళ్ళాను.

డాక్టరుగారు కాలి మీద బొటనవేలితో నొక్కారు. పడిన గుంట అలాగే ఉండిపోయింది. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగి, రోజూ ఏం తింటున్నారో చెప్పమన్నారు. నేను గర్వంగా అప్పజెప్పాను. నిమ్మకాయ దగ్గరికి వచ్చేసరికి ఆయన తల పట్టుకున్నారు.

"కారం మానేసి ఉప్పు పెంచారా అమ్మా? తప్పు నాదేలే. అలవాటుగా ఉప్పూ కారం అనేశాను."

డాక్టరుగారు కుర్చీ మావయ్యగారి వైపు జరుపుకుని, మీ బోరు మోటారు సన్న పైపులోకి నీళ్ళు తోస్తే ఏమవుతుందని అడిగారు. వేడెక్కి కాలిపోతుందన్నారు మావయ్యగారు. బీపీ ఉన్న గుండెకీ అంత కష్టమేనట. ఏళ్ళ తరబడి గట్టిగా తోసి తోసి పెరిగిందట, ఆ పెరగడం బలం కాదు, అలసట. ఉప్పు ఒంట్లో నీరు పట్టి ఉంచుతుందని, ఆ నీరే పాదాల్లోకీ ఊపిరితిత్తుల్లోకీ చేరిందని చెప్పారు. బీపీ నొప్పి పెట్టదు గనక, బాగుందనిపించినా మాత్ర ఆపొద్దన్నారు. ఎప్పుడైనా ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి చెమటలు పడితే, గ్యాసనుకుని సోడా తాగుతూ కూర్చోకుండా వెంటనే రమ్మన్నారు. నీరు లాగేసే మాత్ర ఒకటి కొత్తగా రాశారు.

అంతా విని మావయ్యగారు, "మరి కారం?" అన్నారు.

"కడుపులో మంట లేకపోతే తినండి. దానికీ మీ గుండెకీ పగ లేదు."

"అయితే బతుకుతానంటారా?"

"మందులు మానకుండా, ఉప్పు జోలికి పోకుండా ఉంటే ఎందుకు బతకరు?"

నాకు ప్రాణం లేచొచ్చింది. మెట్లు దిగుతూ కొంగుతో ముఖం తుడుచుకుంటుంటే, ఏడుస్తావేం అన్నారు మావయ్యగారు. బస్టాండులో మిరపకాయ బజ్జీల బండి వైపు నడుస్తుంటే చెయ్యి పట్టుకుని లాగాను. అందులో ఉప్పుంటుందన్నాను. నలుగురూ తిరిగి చూసేలా నా మీద అరిచారు. ఆ అరుపు ఎంత హాయిగా ఉందో!

ఇంట్లో సంగతి చెబితే అత్తయ్య పొయ్యి ముందు చతికిలబడింది. నా చేత్తో నేనే పెట్టానా అని ఒకటే ఏడుపు. ఎవరు చెప్పినా వినలేదు. మర్నాటి నుంచి వంట నాకు వదిలేసింది, వడ్డన వైపు కూడా వచ్చేది కాదు. మావయ్యగారి వాపు మెల్లగా దిగింది. పడుకుంటే నిద్ర పట్టింది. ఒక పొద్దున చూరు కింద చెప్పులు కిర్రుమన్నాయి. దొడ్లో ఉన్న అత్తయ్య ఆ చప్పుడు విని అలాగే నిలబడిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆయన పీట మీద కూర్చుని, మీ అత్తయ్య వండి వడ్డిస్తే గాని తిననని మొండికేశారు. ఆవిడ అటక మీంచి కారం డబ్బా దింపించి, ఉప్పు రవ్వంతైనా వెయ్యకుండా, ఎండుమిరపకాయలూ కారమూ దట్టించి పప్పు చేసింది. నేను రుచి చూశాను. మట్టిలా ఉంది. మావయ్యగారు ముద్ద మీద ముద్ద, ముక్కు ఎగబీలుస్తూ, కళ్ళు తుడుచుకుంటూ తిన్నారు. అత్తయ్య గరిటె పట్టుకుని పక్కనే నిలబడి, ఎలా ఉందని అడగడానికి భయపడుతోంది.

ఆయన తలెత్తి ఆవిడ వంక చూశారు.

"ఉప్పు సరిపోయింది" అన్నారు.

అత్తయ్య ఇంకో గరిటె వేసింది.