బస్సు వెనకాల ప్రత్తిపాడు దాకా

ఆదివారం ఉదయం ఐదుంపావుకి బ్రాడీపేటలో మా అద్దె ఇంటి ముందు బండికి సెంటర్ స్టాండ్ వేసి, టార్చిలైటు వెలుతురులో చెయిన్ చూసుకుంటూ ఈ ప్రయాణం మొదలుపెట్టాను. వెళ్లాల్సింది చీరాల. ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు మీదుగా అరవై కిలోమీటర్ల పైమాటే. మా ఆవిడ మాధవి మూడున్నర నెలలుగా అక్కడ పుట్టింట్లో ఉంది. ఆమెను తీసుకురావడానికి వెళ్తున్నాను. బస్సులో వెళ్లి బస్సులో తీసుకురావచ్చు. బండి మీదే ఎందుకు బయల్దేరానో ముందు చెప్పాలి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. నేను ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవాణ్ణి. మాధవి ఇంట్లో బ్లౌజులు కుట్టేది. నవంబరులో ఒక సాయంత్రం కూరగాయలకి వెళ్లి వస్తుంటే, ఇంటికి రెండు వీధుల అవతల బండి పడింది. నాకు మోచేతులు గీసుకుపోయాయి. మాధవికి కుడి మణికట్టు విరిగింది. కత్తెర పట్టే చెయ్యి. ఆసుపత్రిలో అందరికీ ఒకటే చెప్పాను, కుక్క అడ్డం వచ్చిందని.

కుక్క రాలేదు. ముందు పోతున్న ఆటో ఆగింది. వెనక బ్రేకు తొక్కితే పెడల్ కిందికి దిగింది గాని బండి ఆగలేదు. కంగారులో ముందు బ్రేకు గట్టిగా నొక్కేశాను. ఇసుక మీద ముందు చక్రం జారింది. వెనక ఒక పక్కకి తిరిగి కూర్చున్న మాధవికి ముందేం జరిగిందో కనిపించలేదు. అంతకు పది రోజుల ముందే మా మెకానిక్ మస్తాన్ చెప్పాడు. "సార్, వెనక బ్రేకు లైనర్లు అరిగిపోయినయ్. బిగించి లాభం లేదు, మార్చాల్సిందే" అన్నాడు. వచ్చే వారం చూద్దామన్నాను నేను. ఈ మాట మస్తాన్‌కీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

మాధవి పుట్టింటికి వెళ్లాక నేను ప్రతి ఆదివారం మస్తాన్ షెడ్డులో కూర్చున్నాను. రెండు బ్రేకుల లైనర్లూ మార్పించాను. చెయిన్ ఎంత వదులుండాలి, ఎంత బిగించాలి, ఇంజనాయిలు ఎప్పుడు నల్లబడుతుంది, క్లచ్ కేబులు ఎక్కడ తెగడం మొదలవుతుంది, అన్నీ నేర్చుకున్నాను. "మీకు పాఠం చెప్పడం కష్టం సార్, ప్రతిదానికీ కారణం అడుగుతారు" అనేవాడు మస్తాన్. అడిగినంతసేపూ విసుక్కోకుండా చెప్పేవాడు. బండి మీద మాధవిని క్షేమంగా ఇంటికి తీసుకొస్తే ఆ పాత సంగతి దానంతటదే సమసిపోతుందని నా ఆశ.

టైర్లలో గాలి ముందు రోజే పట్టించాను. ఒక మనిషి ఎక్కితే ఎంత, ఇద్దరు ఎక్కితే ఎంత అన్నది చెయిన్ కవరు పక్కన అంటించిన కాగితం మీదే ఉంటుంది, మనం చూడం. లైటు, హారను, వెనక బ్రేకు లైటు చూసుకుని, రెండో హెల్మెట్‌ను సీటుకి తాడుతో కట్టి ఐదున్నరకి బయల్దేరాను. బంకులో పెట్రోలు పోయించి ఊరు దాటేసరికి తెల్లవారింది.

గుంటూరు దాటగానే నల్లరేగడి మొదలవుతుంది. పత్తి చివరి ఏరుడులో ఉంది, మోళ్ల మీద అక్కడక్కడా తెల్లగా మిగిలి ఉంది. మిరప కళ్లాలు రోడ్డు దాకా వచ్చేశాయి. కొన్నిచోట్ల సగం రోడ్డు మీద కాయలే. ఎండుమిరపకాయల మీద చక్రం ఎక్కితే గోళీల మీద ఎక్కినట్టే. వేగం ముందే తగ్గించుకోవాలి గాని వాటి మీద బ్రేకు వేయకూడదు. ఘాటుకి కళ్లు నీళ్లు కారుతుంటే హెల్మెట్ అద్దం దించుకుని నడిపాను.

ఆరున్నరకి ప్రత్తిపాడులో టీకి ఆగాను. కొట్టు ముందు కూర్చున్న పెద్దాయన నా బండిని ఎగాదిగా చూశాడు. "ఏం మాస్టారూ, రెండు కిరీటాలు తీసుకుపోతన్నారు?" అన్నాడు. నా భుజానికున్న సంచీ చూసి మాస్టారని పోల్చాడు కాబోలు.

"ఒకటి మా ఆవిడకండి."

"ఆడవాళ్లకి కూడానా?" అని నవ్వి, మళ్లీ తనే, "మంచిదేలే. తలకాయ అందరికీ ఒకటేగా" అన్నాడు.

పెదనందిపాడు దాటాక పత్తి బోరాలేసుకున్న ట్రాక్టరు రోడ్డంతా తనదే అన్నట్టు పోతోంది. దాటడానికి సందు లేదు. ఒకప్పుడైతే హారను కొడుతూ దూరేవాణ్ణి. పదిహేను నిమిషాలు దాని వెనకే, దుమ్ము తింటూ, దూరంగా నడిచాను. పర్చూరులో ఇడ్లీ తిని, తొమ్మిదిన్నరకి చీరాల చేరాను.

మా మామయ్యది మగ్గం పని. నేను వెళ్లేసరికి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. రండి అన్నాడు గాని చెయ్యి ఆపలేదు. ప్రమాదం జరిగిన దగ్గరనుంచీ నాతో ఆయన మాటలు తగ్గిపోయాయి. మాధవి మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు కుడిచేత్తో పట్టుకుంది. నేను ఆ చేతినే చూస్తున్నానని గమనించి, "పట్టుకోగలుగుతున్నాను. జాకెట్టు కూడా కత్తిరించాను మొన్న" అంది. మణికట్టు దగ్గర కొంచెం వంపు మిగిలింది.

కాసేపటికి మామయ్య లేచి బయటికొచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. చెయిన్ కిందినుంచి వేలు రాసి చూసుకున్నాడు. నూనె అంటింది, మడ్డి అంటలేదు. వెనక చక్రం పుల్లలు ఒక్కొక్కటీ వేలితో మీటాడు. మగ్గం మీద పోగులు చూసుకునే అలవాటు ఆయనది.

"వాడరేవు దాకా వెళ్లొద్దాం పదండి. చేపలు తీసుకురమ్మంది మీ అత్తయ్య" అన్నాడు.

రెండో హెల్మెట్ ఇస్తే పెట్టుకున్నాడు. వాడరేవు ఆరేడు కిలోమీటర్లు. దారిలో ఖాళీగా ఉన్నచోట, వెనకనుంచి "ఆపండి" అన్నాడు హఠాత్తుగా. రెండు బ్రేకులూ కలిపి వేశాను. బండి గీత గీసినట్టు ఆగింది. "సరే, పోనివ్వండి" అన్నాడు. ఇంకో కిలోమీటరు పోయాక మళ్లీ ఆపించాడు.

రేవులో పడవలు అప్పుడే ఒడ్డుకొచ్చాయి. ఇసుకలోకి బండి దించకుండా గట్టి నేల మీద ఆపి, స్టాండు కింద పెంకుముక్క పెట్టాను. ఎండబెట్టిన చేపల పక్కనుంచి నడుస్తూ మామయ్య మామూలుగా అడిగాడు. "ఆ రోజు కుక్క ఏ పక్కనుంచి వచ్చింది?"

"ఎడమ పక్కనుంచండీ."

"ఆసుపత్రిలో కుడి పక్కన్నారు."

సముద్రం హోరులో కూడా ఆ మాట చాలా స్పష్టంగా వినిపించింది. ఇక దాచలేకపోయాను. ఆటో, లైనర్లు, మస్తాన్ చెప్పింది, నేను వాయిదా వేసింది, అంతా చెప్పేశాను. ఆయన కోప్పడతాడనుకున్నాను.

"నాకు చెప్తే ఏముందండీ. చెయ్యి దానిది. ఇల్లు చేరేలోపు దానికి చెప్పండి" అన్నాడు. ఆ తర్వాత చేపలు బేరమాడాడు.

భోజనం దగ్గర చెప్పలేకపోయాను. అత్తయ్య చేపల పులుసు మళ్లీ మళ్లీ వడ్డిస్తోంది. రెండున్నరకి బయల్దేరాం. మాధవి చీర కుచ్చెళ్లు దగ్గరగా తీసి, కొంగు నడుముకి చుట్టి దోపుకుంది. చీర చక్రంలో పడకుండా ఉండే జాలీ నేను కొత్తది వేయించాను. హెల్మెట్ పట్టీ ఒంటిచేత్తో పడకపోతే నేను పెట్టాను. మామయ్య నా మొహంలోకి చూశాడు. నేను బండి స్టార్ట్ చేశాను.

ఆమె వెనక కూర్చుని కబుర్లు చెప్తోంది. పక్కింటివాళ్ల మగ్గం, అత్తయ్య మోకాళ్లు, తను కత్తిరించిన జాకెట్టు. నేను ఊ కొడుతున్నాను. పర్చూరు దాటాక ఒకచోట రోడ్డు పక్కన కుక్క కనిపించింది. "జాగ్రత్త, పాడు కుక్కలు" అని నా చొక్కా పట్టుకుంది. ఆ మాటకీ ఊ కొట్టాను.

నాలుగు దాటాక, పెదనందిపాడు ఇంకా రాకముందే, మబ్బు కమ్మింది. చినుకులు మొదలయ్యేసరికి పక్క కళ్లంలో కేకలు. పోసిన మిరపకాయల మీద ఒకామె, ఆమె భర్త టార్పాలిన్ లాగుతున్నారు, గాలికి నిలవడం లేదు. నేను బండిని కళ్లంలోకి దించి ఆపాను. మాధవి నాకంటే ముందే దిగి పరిగెత్తింది.

"అమ్మా, ఆ కొస తొక్కిపట్టు" అంది ఆ రైతామె.

మాధవి కొసని కాలితో తొక్కి, కుడిచేత్తోనే పట్టుకుని లాగింది. మణికట్టు నొప్పికి మొహం ముడుచుకుంది గాని వదల్లేదు. నలుగురం కలిసి కప్పి, రాళ్లు పెట్టేసరికి వాన పెద్దదయింది. వాళ్లు అవతల గుడిసెలోకి వెళ్లారు. మేమిద్దరం రోడ్డు పక్క బస్సుల షెడ్డులోకి వచ్చాం. మాధవి తుమ్ముతూ, ఎడమచేత్తో మణికట్టు నొక్కుకుంటోంది.

"మాధవీ, ఆ రోజు కుక్క రాలేదు" అన్నాను.

ఆమె నావైపు తిరిగింది. అంతా చెప్పాను. వాన తగ్గుముఖం పట్టింది.

"మూడున్నర నెలలు. రాత్రి చెయ్యి సలిపినప్పుడల్లా ఆ కుక్కని తిట్టుకున్నాను" అంది చివరికి. "మీరు ఫోన్ చేసినప్పుడల్లా మీతో కూడా తిట్టించాను. మీరూ తిట్టారు."

"భయమేసింది."

"ఎందుకు భయం? విరిగింది నా చెయ్యి కదా."

బ్రేకు గురించి ముందే తెలిసి కూడా ఆమెను ఎక్కించుకున్నాను. ఆ తర్వాత అబద్ధంతో ఆమెను ఓదార్చాను. ఈ రెండోదే ఆమెకు ఎక్కువ తగిలిందని మొహం చూస్తే తెలిసింది.

దూరంగా గుంటూరు బస్సు వస్తోంది. మాధవి రోడ్డు మీదికి వెళ్లి చెయ్యి ఎత్తింది. బస్సు ఆగింది. హెల్మెట్ తీసి నా చేతికిచ్చి ఎక్కేసింది.

నేను బండి దగ్గరికి పరిగెత్తాను. రోడ్డు మీదికి తోసేసరికి కళ్లం బంకమట్టి రెండు మడ్‌గార్డుల్లోనూ కూరుకుని చక్రాలు తిరగడం లేదు. పుల్లతో గీకేసరికి ఐదు నిమిషాలు పట్టింది. తడిసిన బ్రేకులు పట్టవని మస్తాన్ చెప్పాడు. అర కిలోమీటరు దాకా మెల్లగా నడుపుతూ, బ్రేకులు తేలిగ్గా నొక్కుతూ వదులుతూ, వేడికి ఆరనిచ్చాను. బస్సు కనిపించకుండా పోతుందేమోనని ప్రాణం కొట్టుకుంటోంది. పెదనందిపాడు స్టాపులో అందుకున్నాను.

మాధవి వెనక అద్దం పక్క సీట్లో కూర్చుంది. అక్కడినుంచి ప్రత్తిపాడు దాకా ఆ బస్సు వెనకాలే నడిపాను. నేను కనిపిస్తూ ఉండాలన్నదే నా ధ్యాస. గుంతల దగ్గర బస్సు నెమ్మదిస్తే నేను ఇంకా దగ్గరికి వెళ్లిపోతున్నాను. ఆమె రెండు మూడుసార్లు అద్దంలోంచి అరచెయ్యి ఊపింది. కోపం తగ్గిందనుకుని నేనూ చెయ్యి ఊపాను. ఆమె మొహం ఇంకా చిట్లించుకుంది.

ఐదుంపావుకి ప్రత్తిపాడులో బస్సు ఆగింది. మాధవి దిగింది. వెనక కండక్టరు తల బయటికి పెట్టాడు. "ఏమ్మా, గుంటూరు టిక్కెట్టు కదా, ఇక్కడ దిగుతావేం?"

"పర్లేదండీ" అని ఆమె సూటిగా నా దగ్గరికొచ్చింది. "మీకు బుద్ధుందా? చెయ్యి ఊపి చెప్తున్నా వినరేం? బస్సుకి అంత దగ్గరగా వస్తారా? వాడు గట్టిగా బ్రేకేస్తే మీరెక్కడికి పోతారు?"

"నువ్వు టాటా చెప్తున్నావనుకున్నాను."

"టాటానా? వెనక్కి పొమ్మంటున్నాను. ముప్పై మంది మధ్య కూర్చుని, అద్దంలోంచి మిమ్మల్ని చూస్తూ గుంటూరు దాకా నావల్ల కాదు." చెయ్యి చాపింది. "అదిలా ఇవ్వండి."

హెల్మెట్ ఇచ్చాను. పట్టీ ఈసారి తనే, పళ్లు బిగించి, రెండు ప్రయత్నాల్లో పెట్టుకుంది. సాయం చెయ్యబోతే చూసిన చూపుకి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"కోపం పోలేదు. ఆ సంగతి తర్వాత మాట్లాడతాను" అంటూ ఎక్కి కూర్చుంది.

చివరి ఇరవై కిలోమీటర్లు నలభై వేగం దాటలేదు. వాన కడిగిన రోడ్డు మీద పడమటి ఎండ పడుతోంది. కళ్లాల్లో మళ్లీ టార్పాలిన్లు తీస్తున్నారు. ముందు లారీ కనిపిస్తే "ఇంకా వెనక్కి" అంటుంది. గుంత కనిపిస్తే నాకంటే ముందే చెప్తుంది. మలుపు దగ్గర హారను కొట్టమంటుంది, కొట్టాక అంతసేపు ఎందుకు కొట్టారంటుంది.

ఈ దారిన వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగింది కొంచెమే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిరపకాయలు ఆరబోసిన రోడ్డు చాలా అందంగా ఉంటుంది, నెమ్మదిగా వెళ్లాలి. పర్చూరులో ఇడ్లీ బాగుంటుంది. లైనర్లు అరిగాయని ఎవరైనా చెప్తే ఆ పూటే మార్పించుకోండి. ఇక వెనక కూర్చున్న మనిషి గుంటూరు పొలిమేర దాకా మిమ్మల్ని తిడుతూ వస్తుంటే, వినపడేలా హెల్మెట్ అద్దం కాస్త పైకెత్తుకుని, మాట్లాడకుండా నడపండి. నేనలాగే నడిపాను. ఆ మూడున్నర నెలల్లో అంత నిశ్చింతగా నేనెప్పుడూ లేను.